లక్షకు నెలకు పది వేలంటే ముందు కాగితం, పెన్ను తీయండి

"లక్ష పెడితే నెలకు పది వేలు" అని మీ బావో, ఆఫీసులో పక్క సీటాయనో చెప్పినప్పుడు, అది మోసమా కాదా అన్నది చెప్పేవాళ్ల మొహం చూసి తేల్చుకోకండి. చాలాసార్లు వాళ్లు నిజాయితీగానే చెబుతారు, వాళ్ల ఖాతాలో మూడు నెలలుగా డబ్బు పడుతూనే ఉంటుంది మరి. కుచ్చుటోపీ పెట్టేవాడి తెలివంతా ఇక్కడే ఉంది: మనం ఎవరి మాట కాదనలేమో వాడికి తెలుసు, మనకు పిల్ల పెళ్లి ఖర్చో ఇంటి అప్పో ఉందని తెలుసు. కానీ ఆ తెలివి మనుషుల మీదే పనిచేస్తుంది, లెక్క మీద పనిచేయదు. అందుకే విషయాన్ని మాటల్లోంచి లెక్కలోకి లాగాలి.

ముందు మనకు అలవాటైన వడ్డీ భాషలోకి మార్చండి. ఊళ్లో నోటు మీద ఇచ్చే అప్పుకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, అదే చాలా ఎక్కువ. లక్షకు నెలకు పది వేలంటే నూటికి పది రూపాయలు, ఏడాదికి 120 శాతం! నిజంగా అంత లాభమొచ్చే వ్యాపారం చేతిలో ఉంటే రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుని మిగిలిందంతా తనే ఉంచుకోవచ్చు కదా, మన డబ్బు కోసం ఇంటింటికీ ఎందుకు తిరుగుతున్నాడు? ఈ ప్రశ్న గట్టిగా అడగండి.

తర్వాతి ప్రశ్న, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? 1920లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ పాంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. విదేశాల్లో చవగ్గా దొరికే పోస్టల్ కూపన్లు (ఏ దేశంలోనైనా తపాలా స్టాంపులుగా మార్చుకునే చీటీలు) కొని అమెరికాలో మార్చుకుంటే లాభం అన్నది వాడి కథ, వినడానికి బాగానే ఉండేది. జనం ఎగబడ్డారు, మొదట్లో చేరినవాళ్లకు డబ్బు కూడా ఇచ్చాడు. క్లారెన్స్ బారన్ అనే ఆర్థిక విలేకరి వాడి గుణగణాల జోలికి పోకుండా కూపన్లు లెక్కపెట్టాడు: పాంజీ తీసుకున్న డబ్బుకు 16 కోట్ల కూపన్లు ఉండాలి, చలామణిలో ఉన్నవి సుమారు 27,000. కొత్తగా చేరినవాళ్ల డబ్బే పాతవాళ్లకు లాభంగా వెళ్తోంది. అదే ఏడాది ఆగస్టులో అరెస్టయ్యాడు. ఇంకో లెక్క మీరే వేసుకోవచ్చు, 45 రోజులకోసారి ఒకటిన్నర రెట్లయితే లక్ష రూపాయలు ఏడాదికి 25 లక్షలు దాటాలి, రెండేళ్లకు ఆరున్నర కోట్లు.

గొలుసుకట్టు స్కీములైతే లెక్క ఇంకా తేలిక. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చాలంటే 5, 25, 125 అలా రాసుకుంటూ వెళ్లండి. 12వ మెట్టుకు 24 కోట్లు దాటుతుంది, రెండు తెలుగు రాష్ట్రాల జనమంతా చేరినా చాలరు. అంటే ఎక్కడో ఒకచోట ఆగి తీరుతుంది, ఆగిన రోజే బోర్డు తిప్పేస్తారు.

"నాకు వచ్చాయి కదా" అన్న మాటను మాత్రం రుజువుగా తీసుకోకండి. మొదటి వాయిదాలు సరిగ్గా పడటం ఈ పథకంలో భాగమే, అవి పడకపోతే మీరు ఇంకో ఐదు లక్షలు పెట్టరు, తమ్ముడిని చేర్చరు.

కాగితాలు కూడా చూడండి. డిపాజిట్ తీసుకునే సంస్థ వివరాలు రిజర్వ్ బ్యాంకు 'సచేత్' పోర్టల్‌లో వెతకొచ్చు, ఫిర్యాదూ అక్కడే చేయొచ్చు. చీటీ అయితే కంపెనీ రిజిస్ట్రేషన్ చూపిస్తే సరిపోదు, మీరు చేరే గ్రూపుకు ముందస్తు అనుమతి ఉందా అని చిట్స్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. గొలుసుకట్టు డబ్బు స్కీముల్ని 1978 నాటి చట్టమే నిషేధించింది. నడపడమే కాదు, సభ్యులుగా చేరడం కూడా తప్పే.

ఇప్పటికే పెట్టేశారా? ఇంకో రూపాయి కలపకండి, ఎవరినీ చేర్చకండి. అసలు మొత్తం వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. "లాక్ ఇన్ ఉంది (గడువు దాకా డబ్బు తీయడానికి లేదు), ఇంకొంచెం పెడితే విడుదలవుతుంది" అంటే అసలుకే ఎసరు వచ్చిందని అర్థం. రసీదులు, మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని పోలీసుల దగ్గరికి వెళ్లండి, ఆన్‌లైన్‌లో పంపిన డబ్బైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మిమ్మల్ని చేర్చిన బావను కూడా వెంట తీసుకెళ్లండి, ఆయన డబ్బూ అక్కడే ఉంది.