కొత్త పిస్టల్ ట్రిగ్గర్ వేలికి అలవాటు కావాలంటే

తక్కువ ధర కాంపాక్ట్ పిస్టల్‌లో ట్రిగ్గర్ మొదట్లో బరువుగా, గరగరలాడుతూ ఉండొచ్చు. వెంటనే పార్టులు మార్చకండి, ముందు డ్రై ఫైర్ చేయండి, అంటే తూటా లేకుండా ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కే సాధన. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోండి. తూటాలు మీరు సాధన చేసే గదిలోనే ఉండకూడదు, ఇందులో రాజీ వద్దు. గురి కూడా తూటాను ఆపగల గట్టి గోడ వైపే. (తూటా అడుగు అంచును పిన్ కొట్టి పేల్చే పాయింట్ 22 రిమ్‌ఫైర్ అయితే మాన్యువల్ చూడనిదే ఖాళీగా నొక్కకండి, ఫైరింగ్ పిన్ దెబ్బతినొచ్చు.)

వేలి కొస మెత్తటి భాగంతో మెల్లగా నొక్కండి. ట్రిగ్గర్ కొంత దూరం వదులుగా కదిలి, ఒకచోట గట్టిగా ఆగుతుంది. అక్కడి నుంచి, గొట్టం కొసన గురి చూసే ఫ్రంట్ సైట్ కదలకుండా ఒత్తిడి పెంచండి. టిక్‌మన్నాక ట్రిగ్గర్ వదలకుండానే స్లైడ్ లాగి వదలండి, రీసెట్ (ట్రిగ్గర్ మళ్లీ నొక్కడానికి సిద్ధమయ్యే చోటు) క్లిక్ తగిలేదాకే వేలు సడలించండి. నా దృష్టిలో ఎక్కువ సాధన కావాల్సింది ఈ రీసెట్ దగ్గరే.