బంతి మనది, గోల్ వాళ్లది: ఎఫ్ఎం 24లో టాక్టిక్ బ్యాలెన్స్ తప్పితే ఏం చూడాలి

ఫుట్‌బాల్ మేనేజర్ 2024 (ఎఫ్ఎం 24) అనే కంప్యూటర్ గేమ్‌లో మనం జట్టు మేనేజర్‌లం. టాక్టిక్ చెడితే లక్షణం ఎప్పుడూ ఒకటే. బంతి 60 శాతం మన దగ్గరే, షాట్లు 18 కొట్టాం, స్కోరు చూస్తే 1-2. వాళ్లకి దొరికిన ఛాన్సులు నాలుగు, రెండు గోల్సూ కౌంటర్లే, అంటే మన బంతి లాక్కుని చేసిన ఎదురుదాడులే. బ్రాడీపేట రూముల నుంచి, బెంజి సర్కిల్ హాస్టళ్ల నుంచి వచ్చే స్క్రీన్‌షాట్లన్నీ ఇలాగే ఉంటాయి. వెనకే వచ్చే ప్రశ్న కూడా మారదు: "అన్నా, ఏ ఫార్మేషన్ పెట్టమంటావ్?"

ఫార్మేషన్ జోలికి వెళ్లకండి. ముందు డ్యూటీలు, అంటే ఒక్కో ఆటగాడికి మనం పెట్టే అటాక్, సపోర్ట్, డిఫెండ్‌లు, లెక్కపెట్టండి. పది సెకన్ల పని, అయినా ఎవరూ చేయరు.

ఇదంతా 2024 గేమ్ సంగతి. ఫుట్‌బాల్ మేనేజర్ 26లో డ్యూటీలు తీసేసి, బంతి ఉన్నప్పుడు ఒక షేప్, లేనప్పుడు ఇంకో షేప్ అని విడగొట్టారు. అక్కడ ఈ లెక్క ఇలాగే కుదరదు.

లెక్క

గోల్‌కీపర్‌ని పక్కనపెడితే పదిమంది. అటాక్ డ్యూటీ ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి. డిఫెండ్ ముగ్గురికో నలుగురికో: సెంటర్ బ్యాక్‌లు ఇద్దరు, వాళ్ల ముందు ఒకడు, కావాలంటే ఒక ఫుల్‌బ్యాక్. మిగతావాళ్లు సపోర్ట్. ఐదు అటాక్‌లు కనిపిస్తే జబ్బు దొరికినట్టే, ఇంక కింద చదవక్కర్లేదు.

మొత్తం సరిపోయినా, ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత అని విడిగా చూడాలి. 4-3-3లో ఎక్కువమంది పెట్టేది ఇదే: ఎడమ వింగ్‌బ్యాక్ (అంచు వెంట పైకి వెళ్లే డిఫెండర్) అటాక్, ఎడమ మెజాలా (పక్కకి జరిగి ముందుకెళ్లే మిడ్‌ఫీల్డర్ రోల్) అటాక్, ఇన్‌సైడ్ ఫార్వర్డ్ (వింగ్ నుంచి లోపలికి దూరేవాడు) అటాక్. మెజాలా, ఇన్‌సైడ్ ఫార్వర్డ్ ఇద్దరికీ కావాల్సింది ఒకే సందు. పండగ ముందురోజు బీసెంట్ రోడ్డులా అక్కడ ఒకరినొకరు తోసుకుంటుంటే, బంతి పోగానే వెనక ఎడమవైపంతా ఖాళీ. ఆ మూడింట్లో ఒక్కటి మార్చండి చాలు. మెజాలాని తీసి కారిలేరో (ముందుకెళ్లకుండా పక్క ఖాళీలు కాసే మిడ్‌ఫీల్డర్) పెట్టండి, లేదా వింగ్‌బ్యాక్‌ని సపోర్ట్‌కి దించండి. రెండూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

దీనికి తిరగేసిన సమస్య: పెనాల్టీ బాక్స్ బయట బంతి అటూ ఇటూ తిరుగుతుంది, లోపలికి పరిగెత్తేవాడు ఉండడు. స్ట్రైకర్, రెండు వింగులు అందరూ సపోర్ట్‌లో ఉంటారు. ఒకరికి అటాక్ ఇవ్వండి.

డ్యూటీల లెక్క బాగుండి కూడా జట్టంతా ముందుకే ఎగబడుతుంటే మెంటాలిటీ, అంటే జట్టు మొత్తానికి పెట్టే దూకుడు స్థాయి, చూడండి. అటాకింగ్ పెడితే ప్రతి ఆటగాడి మెంటాలిటీ పైకి జరుగుతుంది, సపోర్ట్‌లో ఉన్నవాడూ ఎగబడతాడు. పాజిటివ్‌కో బ్యాలెన్స్‌డ్‌కో దిగండి.

మధ్యలో గొయ్యి

వాళ్ల నంబర్ 10 (స్ట్రైకర్ వెనక ఆడేవాడు) మన మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య తీరిగ్గా తిరుగుతుంటే, లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ (మనవాళ్లు ప్రెస్సింగ్ మొదలుపెట్టే చోటు) పైన, డిఫెన్సివ్ లైన్ (డిఫెండర్లు నిలబడే గీత) కింద పెట్టారన్నమాట. రెండింటినీ ఒకదానికొకటి దగ్గరికి జరపాలి. సెంటర్ బ్యాక్‌ల పేస్ (పరుగు వేగం) 20కి 10, 11 దగ్గరుంటే లైన్‌ని పైకి తోయడం కన్నా ప్రెస్సింగ్‌ని కిందికి తేవడమే మేలు.

లెక్కకి దొరకని దొంగ: ప్లేయర్ ట్రెయిట్లు

అన్నీ సరిగ్గా ఉన్నాయి. డిఫెండ్ డ్యూటీలో డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు. టాక్టిక్ స్క్రీన్‌లో వాడి పక్కన గుండ్రం పచ్చగా వెలుగుతోంది. అయినా కౌంటర్ వచ్చిన ప్రతిసారీ ఆ చోట మనిషి ఉండడు. ఇక్కడే చాలామంది టాక్టిక్‌ని డిలీట్ చేసి కొత్తది డౌన్‌లోడ్ చేస్తారు. కొత్తదాంట్లోనూ అదే ఆటగాడు, అదే గోల్.

వాడి ప్రొఫైల్ తెరిచి ట్రెయిట్లు, అంటే ఆటగాడి సొంత అలవాట్లు, చదవండి. "గెట్స్ ఫార్వర్డ్ వెనెవర్ పాసిబుల్" (వీలైనప్పుడల్లా ముందుకెళ్తాడు) అని ఉంటుంది. రోల్, డ్యూటీ ఆగమని చెబుతాయి, ట్రెయిట్ పదమంటుంది. ఒక్కోసారి రోల్ మాట నెగ్గుతుంది, ఒక్కోసారి ట్రెయిట్ మాట. అందుకే మూడు మ్యాచ్‌లు బాగా నడిచి నాలుగోదాంట్లో కొంప మునుగుతుంది. పచ్చ గుండ్రాన్ని నమ్ముకోకండి, అది వీడు ఆ పనికి పనికొస్తాడా లేదా అన్నంతవరకే చెబుతుంది.

హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్‌కి (డిఫెన్స్ ముందు ఆగేవాడికి) "డైవ్స్ ఇన్‌టు టాకిల్స్" (బంతి కోసం దూకేస్తాడు) ఉన్నా ప్రమాదమే, ఒక్క టాకిల్ తప్పితే మధ్యలో దారి తెరుచుకుంటుంది. స్ట్రైకర్‌కి "కమ్స్ డీప్ టు గెట్ బాల్" (బంతి కోసం వెనక్కి వస్తాడు) ఉంటే, మీరు అటాక్ డ్యూటీ ఇచ్చినా వెనక్కి వచ్చేస్తుంటాడు. పైన చెప్పిన 'పరిగెత్తేవాడు లేడు' సమస్య డ్యూటీ లెక్క సరిచేశాక కూడా పోకపోతే కారణం ఇదే కావొచ్చు.

గోల్స్ 70వ నిమిషం తర్వాతే పడుతుంటే సబ్‌స్టిట్యూట్ ట్రెయిట్లు చూడండి. రోల్ అదే ఉంటుంది, ఆడే మనిషి వేరు. బెంచి మీద ఉన్నవాడి ప్రొఫైల్ తెరిచేవాళ్లు బహు తక్కువ.

నిర్ధారించుకోవడానికి మ్యాచ్ అయ్యాక అనాలిసిస్‌లో యావరేజ్ పొజిషన్లు, బంతి మన దగ్గరున్నప్పటివి, తీయండి. హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ చుక్క తోటి మిడ్‌ఫీల్డర్లతో సమానంగానో, వాళ్లకన్నా పైనో ఉంటే దొంగ దొరికినట్టే. వచ్చే మ్యాచ్‌కి ఆ ట్రెయిట్ లేనివాణ్ణి అదే రోల్‌లో ఆడించండి, మిగతా ఏదీ ముట్టుకోవద్దు.

మందు మూడు రకాలు. ఆ స్థానంలో వేరేవాణ్ణి ఆడించడం అన్నిటికన్నా త్వరగా పనిచేసేది. వాడు మంచి ఆటగాడైతే వాడికి బాక్స్ టు బాక్స్ (రెండు చివరలకీ పరిగెత్తే రోల్) ఇచ్చి, ఆగే పని పక్కవాడికి అప్పగించండి. ట్రెయిట్ మాన్పించేలా ట్రైనింగ్ పెట్టడం మూడోది. నెలలు పడుతుంది, కుదురుతుందన్న గ్యారంటీ లేదు, కొన్ని ట్రెయిట్లు మాన్పించడానికి వీలుండదు కూడా.

హైలైట్స్ గురించి ఒక మాట

మే నెలలో లాప్‌టాప్ పెనంలా కాలుతుందని అందరూ 'కీ' హైలైట్స్‌లో, అంటే ముఖ్యమైన ఘట్టాలే చూపించే సెట్టింగులో, లాగిస్తారు. అందులో గోల్ పడటం కనిపిస్తుంది కానీ బంతి ఎక్కడ పోయిందో చాలాసార్లు కనిపించదు. ఇంకా ఎక్కువ ఆట చూపించే కాంప్రిహెన్సివ్ పెట్టి, 3డి బదులు 2డి క్లాసిక్‌లో చూడండి, మెషీన్ మీద భారం తగ్గుతుంది. బంతి పోయిన క్షణంలో పాజ్ కొట్టి, బంతికి వెనక ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. గోల్‌కీపర్ కాక నలుగురికన్నా తక్కువైతే జబ్బు ఇంకా ఉంది.

కార్నర్ల మీద పడే గోల్స్ సెట్ పీస్ సంగతి, టాక్టిక్‌ని తిట్టొద్దు. పిచ్ బాగోలేకపోవడం, వాన, 'గేమ్ కావాలనే ఓడిస్తోంది' వంటివి చివర్లో చూసుకోవచ్చు. టాక్టికల్ ఫెమిలియారిటీ (జట్టుకి టాక్టిక్ ఎంత అలవాటైందో చూపేవి) బార్లు నిండకుండానే వారానికో టాక్టిక్ మార్చేవాళ్లు మాత్రం కొన్ని మ్యాచ్‌లు ఏదీ ముట్టుకోకుండా ఆడి, ఆ తర్వాత పైనున్న లెక్క మొదలుపెట్టండి.