అమ్మోనియా ప్లాంటు యజమాని స్వయంగా చూసుకోవాల్సిన పనులు

అమ్మోనియాతో చల్లబరిచే ప్లాంటుకు నిర్వహణ కాంట్రాక్టు ఇచ్చేశాక, కంప్రెసర్లుండే మెషీన్ రూము వైపు తొంగిచూడని యజమానులు చాలామందే ఉంటారు. మరమ్మతు కాంట్రాక్టరు చేస్తాడు. ప్లాంటు ఆపాలా, నడపాలా అని తేల్చాల్సింది మాత్రం యజమానే. 2017 అక్టోబరు 17న కెనడాలోని ఫెర్నీలో మంచు మీద స్కేటింగ్ చేసే ఒక ఐస్ రింకులో అమ్మోనియా లీకై ముగ్గురు చనిపోయారు. ఉప్పునీటిని (బ్రైన్) చల్లబరిచే చిల్లర్‌లో తుప్పు పట్టిన ట్యూబు లోంచి అమ్మోనియా బ్రైన్‌లోకి చేరింది. ఆ లీకు కొన్ని నెలల ముందే బయటపడినా అదే చిల్లర్‌ను మళ్లీ నడిపారు. లీకుందని తెలిసిన పరికరాన్ని సిస్టం నుంచి విడగొట్టి, అమ్మోనియా ఖాళీ చేసి పక్కన పెట్టాల్సిందే. "ఈ సీజన్ గడిచాక చూద్దాం" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

సిస్టంలో మొత్తం ఎన్ని కిలోల అమ్మోనియా ఉందో రాసి పెట్టుకోండి. ప్రతి వాల్వుకూ నంబరు పలక కట్టి, అదే నంబరుతో పైపింగ్ డ్రాయింగును మెషీన్ రూము బయట అతికించండి. లోపల అతికిస్తే లీకైన రోజు చూడలేరు.

ముక్కును నమ్మకండి. 5 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 5 భాగాలు) దగ్గరే వాసన పసిగట్టే ముక్కు కూడా రోజూ అక్కడే పనిచేస్తే అలవాటు పడిపోతుంది. డిటెక్టరు 25 పీపీఎం దగ్గర అలారం మోగించాలి, 150 దగ్గర ఎమర్జెన్సీ ఫ్యాన్లు వాటంతటవే తిరగాలి. 300 పీపీఎం అంటే ప్రాణాపాయమే. ఫ్యాను స్విచ్ తలుపు బయట కూడా ఉండాలి. పెద్ద లీకు తర్వాత సెన్సరు మొద్దుబారి ఉండొచ్చు, టెస్టు గ్యాసుతో పరీక్షించాకే దాన్ని నమ్మాలి.

ప్రెషర్ మితిమీరితే తెరుచుకుని వదిలేసే సేఫ్టీ వాల్వులను అయిదేళ్లకోసారి మార్చడం మంచి పద్ధతి. ఒకసారి ఊదిన వాల్వు సీటు మీద చెత్త చేరి సరిగా మూసుకోకపోవచ్చు, దాన్ని వెంటనే మార్చండి. అమ్మోనియా ఉండే ట్యాంకుకూ (వెసెల్) సేఫ్టీ వాల్వుకూ మధ్య మామూలు స్టాప్ వాల్వు ఉండకూడదు. రెండు సేఫ్టీ వాల్వులు, మధ్యలో ఎప్పుడూ ఏదో ఒకదాని దారి తెరిచే ఉంచే త్రీవే వాల్వు పెట్టుకుంటే ప్లాంటు ఆపకుండానే ఒకదాన్ని మార్చొచ్చు.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఆయిల్ తీసేటప్పుడు. కంప్రెసర్ నుంచి వచ్చిన ఆయిల్ ద్రవ అమ్మోనియా కన్నా బరువైనది కనుక వెసెల్ అడుగున చేరుతుంది. చల్లదనానికి చిక్కబడి పైపులో అడ్డం పడుతుంది. ఏమీ రావడం లేదని ఆపరేటరు వాల్వు ఇంకా తిప్పుతాడు, ఆ అడ్డు జారిన క్షణంలో ద్రవ అమ్మోనియా చిమ్ముతుంది. అందుకే:

1. ఆయిల్ పాట్‌ను (అడుగున చేరిన ఆయిల్‌ను పట్టే చిన్న పాత్ర) వెసెల్ నుంచి విడగొట్టి, కంప్రెసర్ పీల్చే (సక్షన్) వైపు వెంట్ తెరవండి.
2. పాట్ మీది మంచు కరిగి, లోపలి అమ్మోనియా ఆవిరైపోయేదాకా ఆగండి. తొందర పడకండి.
3. వెంట్ మూసి, కాస్త ప్రెషర్ మిగిలి ఉండగా ఆయిల్‌ను నెమ్మదిగా వదలండి.

డ్రెయిన్ లైనులో మామూలు వాల్వుతో పాటు, చెయ్యి తీయగానే మూసుకుపోయే స్ప్రింగు వాల్వు తప్పనిసరి. దాని హ్యాండిల్‌కు తాడు కట్టనివ్వకండి. ఇద్దరు మనుషులు, గాగుల్స్, ఫేస్ షీల్డు, రబ్బరు గ్లవుజులు ఉండాలి. పని పూర్తయ్యేదాకా ఎవరూ అక్కణ్నుంచి కదలకూడదు.

ద్రవం నిండిన పైపుకు రెండు చివర్లా వాల్వులు మూస్తే, వేడెక్కి వ్యాకోచించిన ద్రవానికి చోటు లేక పైపు పగులుతుంది. ముందు ఏది మూయాలో, పని మొదలుపెట్టే ముందు ఇచ్చే అనుమతి పత్రంలోనే (వర్క్ పర్మిట్) రాయండి: ద్రవం వచ్చే వైపు మూసి, ఖాళీ చేసి, ఆ తర్వాతే రెండోది.

ఇన్సులేషన్ చిరిగిన చోట, మంచు ఉబ్బిన చోట కింద తుప్పు తింటూ ఉంటుంది. తడిసిన భాగం తీయించి, అల్ట్రాసోనిక్ గేజితో పైపు మందం కొలిపించండి.

అమ్మోనియా ఆవిరి గాలికన్నా తేలికే, కానీ లీకైన చోట చల్లటి పొగమంచులా నేలను అంటుకుని పాకుతుంది. గాలి దిశ చూపే గుడ్డ గొట్టం (విండ్ సాక్) చూసి, గాలికి అడ్డంగా నడుస్తూ దాని దారి తప్పించుకోవాలని అందరికీ నేర్పండి. నేల మీద నిలిచిన ద్రవ అమ్మోనియా మీద నీళ్లు కొట్టకూడదు, భగ్గున ఆవిరై మబ్బు పెరుగుతుంది. గాలిలోకి లేచిన ఆవిరికి మాత్రం నీటి తెర పనిచేస్తుంది. ఎంత గాఢతో తెలియని చోటికి ఫిల్టర్ మాస్కుతో ఎవర్నీ పంపకండి. గాలి సిలిండరున్న సెట్లు, శిక్షణ పొందిన ఇద్దరు కావాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండాలి. ఒంటికి గడ్డకట్టి అంటుకున్న బట్టను లాగితే చర్మం ఊడొస్తుంది, నీళ్లతో కరిగించాకే తీయాలి. ఐ వాష్ (కళ్లు కడుక్కునే కుళాయి), షవర్ మెషీన్ రూము తలుపు బయట ఉండాలి. వాటిని వారానికోసారి తిప్పి, నీళ్లు వస్తున్నాయో లేదో చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించండి.