కమ్యూనిటీ హాల్లో వంద గళ్ళ టోర్నమెంటు

మొదటిసారి డ్రాఫ్ట్స్ టోర్నమెంటు పెట్టినప్పుడు పన్నెండుమంది పిల్లలు వచ్చారు. అందరూ అందరితో ఆడాలని గొప్పగా ప్రకటించాను. అంటే 11 రౌండ్లు, 66 ఆటలు. ఆటగాళ్ళ టైము లెక్కపెట్టే గడియారాలు లేవు. పొద్దున పదింటికి మొదలుపెడితే రాత్రి ఎనిమిదయ్యేసరికి ఎనిమిది రౌండ్లే అయ్యాయి. వాచ్‌మన్ తాళంచెవులు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి, ఏ బస్సు ఎప్పుడు కదలాలో రాసినవాణ్ణి, ఈ లెక్క ఒక్కటీ వేసుకోలేదు. తప్పు పూర్తిగా నాదే. అందుకే ఈ ఆట గురించి ఎవరడిగినా ముందు టైము గురించి చెప్తాను, తర్వాతే కాయల గురించి.

నేను చెప్పేది ఇంటర్నేషనల్ డ్రాఫ్ట్స్. చదరంగం బల్ల మీద పన్నెండేసి కాయలతో ఆడే చెకర్స్ కాదు. ఇందులో అడ్డం పది, నిలువు పది, మొత్తం వంద గళ్ళు. ఒక్కొక్కరికి ఇరవై కాయలు. ముదురు రంగు గళ్ళు యాభైలోనే ఆట అంతా. పులి-మేక ఆడినవాళ్ళకు దూకి కొట్టడం కొత్తేమీ కాదు: ఎదుటి కాయ వెనక గడి ఖాళీగా ఉంటే దూకడమే. ప్రపంచ సమాఖ్య ఎఫ్‌ఎమ్‌జేడీ 1947లో పుట్టింది. నెదర్లాండ్స్, రష్యా, లాత్వియా, సెనెగల్, కామెరూన్ లాంటి చోట్ల దీనికి పెద్ద ఆటగాళ్ళున్నారు. రష్యా ఆటగాడు అలెక్సీ చిజోవ్ పదిసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మన దగ్గర బోర్డు కూడా దొరకదు, తయారు చేసుకోవాల్సిందే.

దానికి నా పద్ధతి ఇది. ఫ్లెక్సీ కొట్టువాడి దగ్గర 44 సెంటీమీటర్ల చదరం ప్రింటు తీయించండి. చుట్టూ రెండేసి సెంటీమీటర్ల అంచు పోను ఒక్కో గడి 4 సెంటీమీటర్లు వస్తుంది, క్యారమ్ కాయ హాయిగా కూర్చుంటుంది. ముదురు గళ్ళు గోధుమరంగులో వేయించండి. నల్లగా వేస్తే నల్లకాయలు అందులో కలిసిపోతాయి. గళ్ళకు 1 నుంచి 50 దాకా అంకెలు చిన్నగా వేయించండి. ఒకటో నంబరు నల్లకాయలవాడి వైపు, యాభయ్యోది తెల్లకాయలవాడి వైపు. కూర్చున్నాక ఎడమచేతి మూల ముదురు గడి రావాలి. తెల్లవాడికైతే అది 46.

కాయల కోసం కోఠీలో క్యారమ్ సెట్లు కొన్నాను. సెట్టుకు తెల్లవి తొమ్మిది, నల్లవి తొమ్మిది. పదహారుమందికి ఎనిమిది బోర్డులు, అంటే రంగుకు 160 కాయలు. పద్ధెనిమిది సెట్లు కొంటే 162 వస్తాయి, రెండు మిగులు. ఎర్రకాయలు పద్ధెనిమిది ఊరికే పడుంటాయనుకోకండి. అవతలి చివరి వరుసకు చేరి రాజైన కాయ మీద ఒక ఎర్రకాయ పెట్టండి. చచ్చిన కాయను కిరీటంగా పెడితే ఏ రంగు ఎవరిదో తెలియక పిల్లలు తగాదా పడతారు. ఎర్రవి అయిపోతేనే ఆ పని.

ఇక ఫార్మాట్. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రెండు రకాల పోటీలున్నాయి: టోర్నమెంటు ఒకటి, చాంపియన్‌తో చాలెంజరు ఆడే మ్యాచ్ ఇంకొకటి. 2015లో నెదర్లాండ్స్‌లోని ఎమ్మెన్‌లో జరిగిన టోర్నమెంటులో ఇరవైమంది ఆడారు, అందరితో అందరూ. మనిషికి 19 ఆటలు, మొత్తం 190. అలెగ్జాండర్ గియోర్గియెవ్ గెలిచాడు. వాళ్ళకు రోజుల తరబడి టైముంది. క్లాసికల్ ఆటలో ఒక్కొక్కరికి 80 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ ఇంకో నిమిషం కలుస్తుంది. ఇద్దరూ అరవయ్యేసి ఎత్తులు వేస్తే ఒక్క ఆటకే 280 నిమిషాలు, అంటే నాలుగు గంటల నలభై నిమిషాలు పట్టొచ్చు. మనకున్నది ఒక్క ఆదివారం, అదీ హాలు అద్దెకు.

కాబట్టి పదహారుమందికి స్విస్ పద్ధతిలో ఐదు రౌండ్లు పెట్టండి. ఎవరూ ఓడి ఇంటికి పోరు, అందరూ ఐదాటలూ ఆడతారు. మొదటి రౌండుకు చీట్లు తీయండి. రెండో రౌండు నుంచి పాయింట్లు సమానంగా ఉన్నవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకసారి ఆడినవాళ్ళు మళ్ళీ తలపడకూడదు. పోయినసారి తెల్లకాయలు ఆడినవాడికి వీలైతే ఈసారి నల్లవి. ఏ పిల్లవాడికీ వరసగా మూడుసార్లు ఒకే రంగు రాకుండా చూడండి. గెలుపుకు 2, డ్రాకు 1, ఓటమికి 0. పదిహేనుమందే వస్తే, అట్టడుగున ఉన్నవాడికి ఆ రౌండులో ఆట లేకుండా 2 పాయింట్లు. ఒకరికే రెండుసార్లు అలా రాకూడదు.

ఒక్కొక్కరి పేరున ఒక అట్టముక్క పెట్టుకోండి, కండక్టర్ వేబిల్లులాగా. ఎవరితో, ఏ రంగు, ఎన్ని పాయింట్లు: ఈ మూడే గీతలు. వాటిని పాయింట్ల వరుసలో బల్ల మీద పేర్చుకుంటే తర్వాతి జతలు కళ్ళముందే కనిపిస్తాయి. కంప్యూటరు వద్దని కాదు, మా హాల్లో ప్లగ్గు పాయింటు ఒక్కటే ఉంది, దాన్ని టీ కాచే ఆవిడ వాడుకుంటుంది. ఫ్యాను కింద మాత్రం పెట్టకండి, నాకు ఒకసారి మూడో రౌండు మొత్తం గాలికి లేచింది.

రౌండు అవగానే అట్టముక్కల మీద పాయింట్లు కూడండి. మొదటి రౌండు తర్వాత 16, రెండోదానికి 32, ఆ తర్వాత 48, 64, చివరికి 80. అంతే రావాలి. సాయంత్రం డిపోలో కలెక్షన్ టాలీ చేసినట్టు ఇది చేయనిదే తర్వాతి రౌండు మొదలుపెట్టను. డ్రా అయితే ఇద్దరికీ చెరొకటి కాబట్టి లెక్క మారదు. తేడా వచ్చిందంటే ఎవరో తప్పు రాశారు.

టైముకు రాపిడ్ పద్ధతి వాడండి: ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 5 సెకన్లు అదనం. అరవయ్యేసి ఎత్తులు వేసినా ఆట నలభై నిమిషాలు దాటదు. ఫోన్లో చెస్ గడియారం యాప్ చాలు, ఎనిమిది ఫోన్లు తల్లిదండ్రుల దగ్గర దొరుకుతాయి, ఫ్లయిట్ మోడ్‌లో పెట్టించండి. మా షెడ్యూలు: 9:30, 10:20, 11:10, 12:00, పులిహోర, 1:45. రౌండుకు యాభై నిమిషాలు. పది నిమిషాలు దాటి వచ్చినవాడికి ఆ ఆట పోయినట్టే. బస్సు ఆగదు కదా. ఆషాఢం ఆదివారాలు మాత్రం పెట్టుకోకండి, బోనాల డప్పులో ఏ పిల్లవాడూ ఐదు ఎత్తులు ముందుకు ఆలోచించలేడు.

గొడవలన్నీ కొట్టడం దగ్గరే వస్తాయి. అందుకని ఈ నియమాలు పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించండి. కొట్టే వీలుంటే కొట్టి తీరాలి. మామూలు కాయ ముందుకే నడుస్తుంది, కానీ కొట్టేటప్పుడు వెనక్కీ కొట్టొచ్చు. రెండు దారులుంటే ఎక్కువ కాయలు పోయే దారే పట్టాలి. కొట్టిన కాయలను మొత్తం ఎత్తు అయ్యాకే తీయాలి. ఒకే కాయ మీంచి రెండుసార్లు దూకకూడదు. దూకుతూ దూకుతూ చివరి వరుసను తాకి, మళ్ళీ దూకి బయటికి వచ్చిన కాయ రాజు కాదు. అక్కడ ఆగితేనే కిరీటం. రాజు ఏటవాలుగా ఎన్ని గళ్ళయినా వెళ్తాడు.

ఈ ఎక్కువ కాయల నియమం మీదే పోయిన ఏడాది పెద్ద రభస. ఒక బాబు రెండు కాయలు కొట్టాడు, పక్కనే మూడు కొట్టే దారి ఉంది. ఎదురు కూర్చున్న పాప చెయ్యెత్తింది. వాడి నానమ్మ లేచి, "మా పిల్లగాడు తక్కువ తిన్నడు, ఎక్కువ తిన్లేదు కదా, మీకేం నష్టమయ్యా?" అంది. న్యాయంగానే వినిపిస్తుంది. కానీ ఆ మూడో కాయను ఆ పాప కావాలనే ఎరగా పెట్టింది, వాడు అటు పోతే తిరిగి నాలుగు కొట్టేది. ఈ ఆటలో ఎత్తుగడలు ముప్పాతిక వంతు ఇలా బలవంతంగా కొట్టించేవే. "అమ్మా, తక్కువ తినడం కూడా ఇక్కడ తప్పే" అని చెప్పి ఆవిడకు చాయ్ ఇప్పించాను. బాబు మాత్రం "నేను మూడు చూడలే తాతా" అని తనే కాయ వెనక్కి పెట్టాడు. మా హాల్లో నియమం: ఎదుటివాడి తప్పు కనిపిస్తే తన ఎత్తు వేయకముందే అడగాలి. వేసేశాక అడిగితే వినను.

రాయడం కూడా నేర్పండి. తెల్లవాడు 32 నుంచి 28కి జరిపితే 32-28. నల్లవాడు 19-23 అంటే తెల్లవాడు కొట్టాల్సిందే: 28x19. దానికి జవాబు 14x23. కాగితం మీద ఈ నాలుగూ ఉంటే, కాయలు చెదిరినా మళ్ళీ పేర్చుకోవచ్చు.

డ్రాల సంగతి ముందే తేల్చుకోకపోతే సాయంత్రం ఇబ్బంది పడతారు. ఈ ఆటలో డ్రాలు ఎక్కువ. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా. రాజులే కదులుతూ, ఎవరూ కొట్టకుండా ఇద్దరివీ 25 ఎత్తులేసి గడిస్తే డ్రా. మూడు రాజులు ఒక్క రాజును తరుముతుంటే 16 ఎత్తుల దాకానే, రెండు రాజులు ఒక్కదాన్నయితే 5 దాకానే. మూడు రాజులుంటే గెలుస్తామని పిల్లలు నమ్ముతారు. ఈ బోర్డు మీద ఒంటరి రాజు చాలావరకు దొరకడు. అతను 46 నుంచి 5 దాకా ఉన్న పెద్ద దారి పట్టుకుంటే ఇక వదిలేయండి.

పాయింట్లు సమానమైతే సోల్కాఫ్ లెక్క: నువ్వు ఆడిన ఐదుగురికీ చివర్లో ఎన్నెన్ని పాయింట్లు వచ్చాయో కూడటం. ఇద్దరికీ 8 పాయింట్లే అనుకుందాం, ఒక అమ్మాయి ఎదుటివాళ్ళకు కలిపి 27, ఇంకో అమ్మాయివాళ్ళకు 24. మొదటమ్మాయి గట్టివాళ్ళతో ఆడింది, కప్పు తనది. అదీ సమానమైతే బ్లిట్జ్, అంటే మెరుపు ఆట: ఒక్కొక్కరికి 5 నిమిషాలు, ఎత్తుకు 3 సెకన్లు అదనం. డ్రా అయితే గడియారంలో మిగిలిన టైముతోనే రంగులు మార్చి మళ్ళీ, ఎవరో ఒకరు గెలిచేదాకా. టైము కరిగేకొద్దీ డ్రా చేయడం కష్టమవుతుంది, పెద్దవాళ్ళు కూడా కుర్చీల మీదికెక్కి చూస్తారు. ఇవన్నీ పొద్దున తొమ్మిదికే గోడ మీద ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి నోటితో చెప్తే ఓడినవాడి నాన్న ఒప్పుకోడు.

బహుమతులిచ్చాక ఫ్లెక్సీలు మడవకుండా చుట్టండి, మడత పడితే కాయ నిలవదు. తాళాలిచ్చే ముందు కాయలు లెక్కపెట్టండి. పోయినసారి నల్లవి 162 ఉన్నాయి, తెల్లవి 159. ఎనిమిదో బోర్డు మీద ఇప్పుడు ఒక సోడా మూత ఆడుతోంది, పిల్లలు దానికోసమే ఆ బోర్డు అడుగుతారు.