మార్చి 1 రాకముందే చూసుకోండి: అమెరికాలో చిన్న కంపెనీలకు స్టేట్ టాక్స్ జాగ్రత్తలు

కంపెనీకి లాభమే రాలేదు, ఇంక టాక్స్ ఏముంటుందిలే అనుకునే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఐఆర్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ పన్నుల శాఖ) లెక్క వేరు, స్టేట్ లెక్క వేరు. చాలా స్టేట్లలో రూపాయి లాభం లేకపోయినా, కంపెనీ ఉన్నందుకే కట్టాల్సినవి ఉంటాయి.

డెలావేర్‌లో కార్పొరేషన్ పెట్టినవాళ్లకు ఫ్రాంచైజ్ టాక్స్ (కంపెనీ ఉన్నందుకే కట్టే పన్ను), యాన్యువల్ రిపోర్టు రెండింటికీ గడువు మార్చి 1. కోటి షేర్లు ఆథరైజ్ చేసి ఉంటే (అంటే గరిష్ఠంగా అన్ని షేర్లు జారీ చేయొచ్చని కాగితాల్లో రాసుకుని ఉంటే) షేర్ల లెక్కన బిల్లు 85,165 డాలర్లు అవుతుంది. మా ఫ్రెండ్ ఒకతను ఆ అంకె ఫోటో తీసి రాత్రి పదకొండింటికి నాకు పంపాడు, పాపం నిద్రపోలేదు. కంగారుపడి కట్టేయకండి. అదే ఫైలింగ్‌లో అస్యూమ్డ్ పార్ వాల్యూ క్యాపిటల్ అని ఇంకో పద్ధతి ఉంది. జారీ చేసిన షేర్లెన్ని, గ్రాస్ అసెట్స్ (మొత్తం ఆస్తులు) ఎంత అన్నది అందులో నింపితే, షేర్లు చాలావరకు జారీ అయ్యి ఆస్తులు పెద్దగా లేని కంపెనీకి అది 400 డాలర్లకు దిగుతుంది, పైన రిపోర్టు ఫీజు 50. ఆలస్యమైతే 200 డాలర్ల పెనాల్టీ, నెలకు 1.5 శాతం వడ్డీ. ఎల్‌ఎల్‌సీ (షేర్లు లేని, ఇంకో రకం కంపెనీ) వాళ్లకు రిపోర్టు లేదు, జూన్ 1లోగా 300 కడితే చాలు.

రిజిస్టర్ చేసింది డెలావేర్‌లోనే అయినా, మీరు కూర్చుని పనిచేసేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇంట్లో అయితే కాలిఫోర్నియా కూడా అడుగుతుంది. అక్కడ ఎల్‌ఎల్‌సీకి నష్టమొచ్చినా ఏటా 800 డాలర్లు తప్పవు. టెక్సస్‌లో రాబడి తక్కువైతే ఫ్రాంచైజ్ టాక్స్ ఉండదు కానీ మే 15కి ఇన్ఫర్మేషన్ రిపోర్టు మాత్రం వేయాలి. వాషింగ్టన్ స్టేట్‌లో బీ అండ్ ఓ (బిజినెస్ అండ్ ఆక్యుపేషన్) టాక్స్ లాభం మీద కాదు, మొత్తం రాబడి మీద.

ఇంకో స్టేట్‌లో ఉన్న మనిషిని రిమోట్‌గా పెట్టుకుంటున్నారా? ఆఫర్ లెటర్ పంపేముందే ఆ స్టేట్‌లో పేరోల్ రిజిస్ట్రేషన్ (జీతాల మీద పన్నుల కోసం చేసుకునే నమోదు) సంగతి అడగండి.

నాకు అన్నిటికంటే భయం సేల్స్ టాక్స్ గురించే. 2018లో సుప్రీంకోర్టు వేఫేర్ కేసు తీర్పు తర్వాత, ఆఫీసు లేని స్టేట్‌లో కూడా అమ్మకాలు ఒక పరిమితి దాటితే ఆ టాక్స్‌ను కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసి స్టేట్‌కు కట్టాలి. చాలాచోట్ల అది ఏడాదికి లక్ష డాలర్లు, కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 5 లక్షలు. సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ మీద న్యూయార్క్‌లో టాక్స్ ఉంది, కాలిఫోర్నియాలో మామూలుగా లేదు, అందుకే స్టేట్ వారీగా అమ్మకాలు ప్రతి నెలా ఒక షీట్‌లో రాసుకోండి. వసూలు చేసిన డబ్బు వేరే అకౌంట్‌లో పెట్టండి, అది మీది కాదు. జీతాలకు తక్కువైందని అందులోంచి వాడేస్తే కంపెనీ మూతపడ్డాక కూడా ఓనరు సొంత జేబులోంచి కట్టాల్సి రావచ్చు.

ఎక్స్‌టెన్షన్ తీసుకున్నాం కదా అని ధీమాగా ఉండకండి, అది ఫైల్ చేయడానికే గడువు, కట్టడానికి కాదు. ఇప్పటికే ఏదైనా స్టేట్‌లో బాకీపడి ఉంటే సీపీఏతో (లైసెన్సు ఉన్న అకౌంటెంట్‌తో) వాలంటరీ డిస్‌క్లోజర్, అంటే బాకీ సంగతి మనంతట మనమే స్టేట్‌కు చెప్పుకోవడం గురించి ఈ వారమే మాట్లాడండి. చాలా స్టేట్లు పెనాల్టీ మాఫీ చేస్తాయి, కానీ వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చాక సాధారణంగా ఆ దారి ఉండదు.