పబ్లిక్ టీవీ దగ్గర మిగిలిన డబ్బు ఏమవుతోందో తెలుసుకోవడం ఎలా

పబ్లిక్ టీవీకి, అంటే ప్రజాసేవ కోసం నడిచే ప్రసార సంస్థకు, ఈ ఏడాది డబ్బు బాగా మిగిలిందని వార్త రాగానే కొందరు శభాష్ అంటారు, ఇంకొందరు మా డబ్బు మాకిచ్చేయండి అంటారు. కాస్త ఆగి, ముందు ఆ సంస్థ వార్షిక ఖాతాలు తెరవండి.

మొదట, మిగిలింది ఏ డబ్బో తేల్చుకోవాలి. కొన్ని దేశాల్లో టీవీ చూసేందుకు జనం కట్టే లైసెన్సు ఫీజు, ప్రభుత్వ గ్రాంటు ఒకవైపు, యాడ్స్ మీద వచ్చింది ఇంకోవైపు, రెండింటికీ లెక్కలు విడివిడిగా ఉండాలి. అన్నీ ఒకే ముద్దగా కలిపి చూపిస్తే మాత్రం ఎంత తిరగేసినా మీకేమీ తేలదు. వచ్చే ఏడాది ఒక పెద్ద క్రీడోత్సవం ప్రసార హక్కుల కోసం పక్కన పెట్టిన సొమ్మును కూడా మిగులు అనేస్తున్నారేమో చూడండి, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

తర్వాత, ఎంత దాచుకోవచ్చో పరిమితి ఉందా అన్నది. యూరోపియన్ యూనియన్ 2009 నిబంధనల ప్రకారం, ప్రజాసేవకు వేసుకున్న వార్షిక ఖర్చులో మామూలుగా 10 శాతం దాకా అట్టే పెట్టుకోవచ్చు. అంతకు మించితే ఫలానా పెద్ద ఖర్చు కోసమని ముందే చెప్పి, సరైన కారణం చూపించాలి. ఇది కాగితం మీది మాటే అనుకోకండి, నెదర్లాండ్స్‌లో పబ్లిక్ ప్రసార సంస్థ ఎన్‌ఓఎస్ అవసరానికి మించి అందుకున్న 7.63 కోట్ల యూరోలు వడ్డీతో సహా వెనక్కి కట్టాలని యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ 2006లోనే ఆదేశించింది.

పరిమితి దాటిన డబ్బు ఎవరికి వెళ్తుందో కూడా చదవండి. ఖజానాకేనని మనం అనుకుంటాం గానీ, బ్రిటన్‌లో 1993 నుంచి కొన్నేళ్లపాటు, యాడ్స్ మీద నడిచే పబ్లిక్ ఛానెల్ అయిన ఛానెల్ 4 వాటా టీవీ యాడ్స్ ఆదాయంలో 14 శాతం దాటితే, పైన వచ్చినదాంట్లో సగం పోటీదారైన ఐటీవీ అనే ప్రైవేటు ఛానెల్ కంపెనీలకు కట్టాల్సి వచ్చేది! ఛానెల్ 4 వాటా 14 శాతం కంటే తగ్గితే ఆదుకోవాలన్న షరతు ఐటీవీ మీద పెట్టారు, దానికి బదులన్నమాట. ఆ అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు. నాకైతే ఇది వింత బేరంగానే అనిపిస్తుంది.

ఆడిట్ చేసేది బయటివాళ్లేనా, నివేదిక చట్టసభ ముందుకు వస్తోందా అన్నవి ఒక్క చూపులో తేలిపోతాయి.

చివరగా ఒక చిట్కా. మిగిలినంతా వచ్చే ఏడాది గ్రాంటులో కోసేస్తామని ప్రభుత్వం అంటే ఏ మేనేజర్ అయినా మిగల్చడు, ఎలాగోలా ఖర్చు రాసేస్తాడు. కాబట్టి ఆర్థిక సంవత్సరం ఆఖరి నెల ఖర్చులను అంతకు ముందు నెలలతో పోల్చి చూడండి.