చియాంగ్ మాయిలో వంట క్లాసుకు వెళ్తున్నారా?

థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయి వెళ్తే ఒక పూట థాయ్ వంట క్లాసుకు తప్పకుండా కేటాయించండి. బుక్ చేసే ముందు ఒక్క మాట అడగండి: కర్రీ ముద్ద (కూరకు వేసే మసాలా ముద్ద) మన చేతే నూరిస్తారా, లేక రెడీమేడ్‌ది ఇస్తారా? నూరించే క్లాసునే ఎంచుకోండి. అసలు విద్యంతా ఆ రోట్లోనే ఉంది.

నూరేటప్పుడు ముందు ఎండు దినుసులు, ఉప్పు, మిరపకాయలు వేయాలి. తర్వాత పీచు ఉండే నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం (అల్లంలాంటి దుంప, గలంగల్), కొత్తిమీర వేళ్ళు. తడి ఎక్కువున్న వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు చివర్లో. తడివి ముందే వేస్తే పీచు నలగదు, ముద్ద పలచబడిపోతుంది. ఆ ముద్దను చిక్కటి కొబ్బరిపాలలో నూనె తేలేదాకా వేయించాలి. మన కూరల్లాగే, ఇక్కడ తొందరపడకూడదు.

శాకాహారులైతే మాంసం వద్దంటే సరిపోదు. చాలా కర్రీ ముద్దల్లో రొయ్యల పేస్టు (కపి), దాదాపు ప్రతి వంటలో చేపల సాస్ (నాం ప్లా) ఉంటాయి. రెండూ వద్దని ముందు రోజే చెప్పండి. చేపల సాస్‌కు బదులు సోయా సాస్ వాడుకోవచ్చు. 'జే' అనే థాయ్ మాట గుర్తుంచుకోండి. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేని వంట అని అర్థం. అందులో వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు.

ఉదయం క్లాసైతే మార్కెట్ కూడా తిప్పేదే చూసుకోండి. టిఫిన్ మాత్రం తేలిగ్గా తినండి, వండిందంతా మీరే తినాలి మరి!